జనవరిలో ఉత్తరానికి

కంటి చూపు ఆనేంత దూరం ఎడారి ఉంది. చెట్టు లేదు, గోడ లేదు, పొరుగు లేదు. అంత ఖాళీని వదిలేసి ఆ పిల్ల తన ఇంటిబండిని తెచ్చి సరిగ్గా నా కిటికీ కింద ఆపింది.

మాలో ఇంతకన్నా పెద్ద తప్పు లేదు. బండిలోనే కాపురం ఉండే మేం ఒకరి నీళ్లు ఒకరికి పోస్తాం, ఒకరి టైరు ఒకరం మారుస్తాం, కానీ ఎడారిలో ఒకరి పక్కన ఒకరం ఆగం. కేకేస్తే వినపడాలి, దగ్గితే వినపడకూడదు. ఈ మర్యాద ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు, అయినా అందరికీ తెలుసు.

పైగా ఆమె జనరేటర్ పొగ సూటిగా నా వంటగదిలోకి వస్తోంది. గుడ్ల పెనం దించేసి తలుపు తీశాను.

"ఏమండీ, అరిజోనా మొత్తం నిండిపోయిందా?"

ఆమె మెట్టు మీదికి వచ్చింది. తలమీద టోపీ, చెవికి ఫోను తీగ. "ఏంటండీ?"

"ఇంకెక్కడా చోటు దొరకలేదా అంటున్నా."

"దొరికిందిగా. ఇదేగా చోటు."

"ఇది నా చోటు."

"బోర్డేదీ కనపడలేదే! ప్రభుత్వ స్థలమన్నారు. నాకు సిగ్నల్ ఇక్కడే వస్తోంది. దానిమీదే నా ఉద్యోగం. మీరు వేయించుకునేది గుడ్లే అయితే అవి ఎక్కడైనా వేగుతాయి."

కొన్నాళ్లుగా ఎవరితోనూ గొడవపడక నాలుక తుప్పు పట్టినట్టుంది. చివరికి "నా గుడ్లు పొగ వాసనొస్తున్నాయి" అన్నాను, చిన్నపిల్లాడిలా.

"మిరియాలు ఎక్కువ చల్లుకోండి" అని తలుపు వేసుకుంది. కానీ కాసేపట్లో జనరేటర్ ఆగిపోయింది.

ఆమె పేరు కెల్సీ అని నాకు వర్నాగారు చెప్పింది. వర్నాగారు మాకు కేకేసే దూరంలో, చిన్న ట్రైలర్లో ఉంటుంది. డెబ్బై దాటింది, భర్త పోయాడు, ఎడారి మొత్తంలో ఏ బండిలో ఏం వండుకున్నారో ఆవిడకు తెలుస్తుంది.

"దానికి సిగ్నలూ లేదు, పాడూ లేదు అబ్బాయ్. ఒక్కతే ఇలా బయట ఉండటం ఇదే మొదలట. ఎవరో ఒకరి పక్కన ఆగితే బాగుండుననిపించిందట."

"నా పక్కనే ఎందుకు?"

"నీ మొహం చూసి కాదులే గ్రాడీ. నీ బండి బయట బట్టలు ఆరేసి ఉన్నాయిగా. దొంగవెధవలు బట్టలు ఉతుక్కోరని దాని లెక్క."

నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఎందుకో బాధేసింది. నా సంగతీ అంతేగా. నాన్నా నేనూ ఇల్లు అమ్మి ఈ బండి కొన్నాం, దేశమంతా తిరుగుదామని. రెండో వేసవిలో యూటాలో నాన్న పోయాడు. వెనక్కి వెళ్దామంటే ఇల్లు లేదు, అందుకని ముందుకే నడుపుతూ వచ్చాను. వేసవిలో ఏదో ఒక పార్కులో కాపలా, శరత్కాలంలో గిడ్డంగిలో మూటలు కట్టే పని, చలికాలం ఈ ఎడారి. ఇక్కడ అద్దె లేదు. కరెంటూ నీళ్లూ కూడా లేవనుకోండి.

ఎడారిలో వాన చెప్పి రాదు. ఒక మధ్యాహ్నం వచ్చింది. కెల్సీ బండి పక్కన గుడ్డ పందిరి చాపి ఉంది. గాలికి ఆ గుడ్డ పొంగి ఇనుప కాళ్లు పైకి లేవడం చూసి నేను పరిగెత్తాను. ఆమె అప్పటికే ఒక కాలికి వేలాడుతోంది, చెవిలో ఆఫీసు ఫోను అలాగే ఉంది.

"లేదండీ, ఆ ఆస్పత్రి బిల్లు మళ్లీ పంపిస్తాం... గ్రాడీ, వదలకు!... మిమ్మల్ని కాదండీ... కిందికి లాగు, కిందికి!... అబ్బే, మీతో కాదండీ!"

పందిరి చుట్టి కట్టేసరికి ఇద్దరం ముద్దయిపోయాం. ఆమె నా బండిలోకి వచ్చి, జుట్టు పిండుకుంటూ, నన్ను పైనుంచి కిందికి చూసి నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక ఆ ఇరుకు నేలమీద కూర్చుండిపోయింది. నాన్న పోయాక నా బండిలో వినపడిన మొదటి నవ్వు అదే. కాఫీ పెడుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను, నా మొహం ఆమెకు కనపడకూడదని.

ఆ తర్వాత ఒక జనరేటరే తిరిగింది, ఒక పొయ్యే వెలిగింది. మాకు ఊళ్లో సరుకులు కావాలంటే ఇల్లు మొత్తం సర్దుకుని వెళ్లాలి. గిన్నెలు అరల్లో పెట్టి గొళ్లెం వేయాలి, మెట్లు మడవాలి, వచ్చేసరికి మన చోట్లో ఇంకొకడు ఉంటాడు. ఇప్పుడు ఒకరం చోటు కాస్తే ఒకరం వెళ్లొచ్చేవాళ్లం.

మాలో ప్రేమ కబుర్లు కూడా పెట్రోలు రేటుతోనే మొదలవుతాయి.

"ఊళ్లో మళ్లీ పెంచాడు" అనేది కెల్సీ, బీన్స్ కలుపుతూ.

"టైర్లవాడూ పెంచాడు. ఇన్సూరెన్సువాడు సరేసరి."

"హోటలుకంటే చౌకని బయల్దేరాను తెలుసా? మొన్న బండ్లు ఆపుకునే పార్కువాడు ఒకడు అడిగిన అద్దెకి హోటల్లో టిఫిను కూడా పెడతారు."

"దానికి కూడా ఆరు నెలల ముందు బుక్ చేసుకోవాలి."

"గ్రాడీ, మనం స్వేచ్ఛగా బతుకుతున్నాం కదూ?" అని ఆమె మొహం సీరియస్‌గా పెట్టి అడిగేది, ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్లం.

ఆమె కథ కూడా అలా నవ్వుతూనే చెప్పింది. పెళ్లి చేసుకోబోయేవాడితో కలిసి బండి కొంది. టెక్సస్‌లో టైరు పేలింది. మెకానిక్ ఇచ్చిన బిల్లు చూసి అతను విమానమెక్కి ఇంటికి వెళ్లిపోయాడు. "బిల్లు నేనే కట్టాను. టైరు చాలా మంచిది, ఇంకా ఉంది" అంది. చెప్పేటప్పుడు నవ్వింది కానీ బీన్స్ మాత్రం తినలేదు.

జనవరి వచ్చింది. ఆమె వసంతం దాకా ఉందామనుకున్న టూసాన్ పార్కును ఎవరో కొత్తవాళ్లు కొన్నారు, అద్దె ఒక్కసారిగా పెంచేశారు. అదే వారం ఆమె నీళ్ల పంపు కాలిపోయింది.

"ఇక చాలు గ్రాడీ. ఒహాయోలో మా అక్కావాళ్లింట్లో కింద గది ఖాళీగా ఉంది. వస్తానని మాటిచ్చేశాను. చేతిలో ఉన్న ఈ బిల్లుల పని నెలాఖరుకి పూర్తవగానే వెళ్లి, బండి అక్కడే అమ్మేస్తా."

నన్ను వదిలి వెళ్లకు అనాలనిపించింది. ఆ మాట అలాగే చెప్పి ఉంటే సరిపోయేది. కానీ ఇన్నేళ్లూ పొదుపు తప్ప ఇంకో భాష మాట్లాడనివాణ్ని. తెలివిగా చెబుదామనుకున్నాను.

"నేనొకటి ఆలోచించాను."

"చెప్పు" అని ఆమె చేతిలో కప్పు పక్కన పెట్టి, నా వైపు తిరిగి కూర్చుంది.

"మనకి రెండు బండ్లెందుకు? ఒకటి అమ్మేద్దాం. పెట్రోలు సగమవుతుంది. ఇన్సూరెన్సు ఒక్కదానికే కడతాం. పార్కులో అద్దె ఒక్కటే."

"ఇంకా?"

"టైర్లు. ఆరు టైర్ల ఖర్చు తగ్గుతుంది."

"ఇంకా?"

"నీ బండి కొత్తది కదా, దానికి మంచి రేటొస్తుంది."

కెల్సీ కప్పు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "ఇదంతా నన్ను అడుగుతున్నావా, గ్యాసు సిలిండర్‌ని అడుగుతున్నావా?"

"అదేంటి? ఇద్దరికీ లాభమేగా!"

"ఒకడు ఖర్చు చూసి దిగిపోయాడు. నువ్వు ఖర్చు చూసి ఎక్కమంటున్నావు. మధ్యలో నేనెక్కడున్నాను గ్రాడీ?"

ఆమె లేచి, కప్పు కడిగి బోర్లించి, తన బండిలోకి వెళ్లిపోయింది. మర్నాడు నేను నీళ్ల డబ్బాలు నింపుకుని వచ్చేసరికి నా కిటికీ కింద చక్రాల గుర్తులే మిగిలాయి.

ఒంటరితనం నాకు కొత్తేమీ కాదు. దాన్ని నేను బాగానే మేపుతూ వచ్చాను. పొద్దున ఫ్రిజ్‌తో మాట్లాడటం, సాయంత్రం అటుగా వెళ్లేవాళ్లతో బ్యాటరీల గురించి కాసేపు వాగడం, వాళ్ల పేర్లు మర్చిపోవడం. అదంతా అలవాటే. ఇప్పుడేమో ఆ అలవాటే మింగుడుపడలేదు. బీన్స్ ఇద్దరికి సరిపడా ఉడికాయి. పెట్రోలు రేటు మళ్లీ పెరిగింది, ఆ సంగతి చెప్పడానికి మనిషి లేడు. గాలి వీస్తే చాలు, ఆమె పందిరి చుట్టిందో లేదోనని లేచి కూర్చునేవాణ్ని. ఫోను చేస్తే ఎత్తలేదు.

వర్నాగారు తనే నడిచి వచ్చింది.

"ఏమన్నావురా ఆ పిల్లని?"

చెప్పాను. ఆవిడ నెత్తి కొట్టుకుంది.

"ఆరు టైర్లా? పెళ్లాడమని అడగాల్సిన చోట టైర్లు లెక్కపెట్టావా?"

"పెళ్లి మాట అననే లేదండీ."

"అదే నేనూ అనేది! నలభై ఏళ్లు నా మొగుడితో ఈ డబ్బాలో తిరిగాను. పొదుపవుతుందనా? వాడు పక్కన లేకపోతే నాకు తోచదు గనక. ఆ ఒక్క ముక్క నోట్లోంచి రాలేదా నీకు?"

"ఇప్పుడు చెబుదామన్నా ఎక్కడుందో తెలీదు. ఈ ఎడారిలో వేల బండ్లు."

"ఎక్కడుంటేనేం, మురుగు ట్యాంకు నిండదా? మురుగు నీళ్లు మోసుకుంటూ ఒహాయో దాకా ఎవరైనా పోతారా? నెలాఖరుకి పని అవుతుందంది. పో, అది ఖాళీ చేసే చోట కూర్చో."

చుట్టుపక్కల మా అందరికీ మురుగు ట్యాంకు ఖాళీ చేసే చోటు ఊళ్లో ఒక్కటే. అక్కడికి వెళ్లాను, నా ట్యాంకు పని క్షణంలో అయిపోయింది. బండి పక్కకు తీసి, గేటు దగ్గర నేలమీద కూర్చున్నాను. ప్రేమ కోసం మనుషులు ఎక్కడెక్కడో ఎదురుచూస్తారు. నాలా మురుగు గొట్టం పక్కన కూర్చున్నవాళ్లు తక్కువే.

అక్కడ కూర్చుంటే ఒక సంగతి కనపడుతుంది. అది ఇద్దరి పని. ఒకరు గొట్టం చివర పట్టుకుంటే ఒకరు మీట లాగుతారు. "లాగనా?" "ఆగు!" "ఇప్పుడు?" "ఆగమన్నానా!" అని ముసలి జంటలు తిట్టుకుంటూ ఆ పని చేస్తాయి. ఒంటరివాళ్లు గొట్టం మీద ఇటుక పెట్టుకుంటారు. నేను ఇన్నేళ్లూ ఇటుకే పెట్టాను. ఆ రోజంతా ఆ తిట్లు వింటూ కూర్చున్నాను. మర్నాడూ వెళ్లాను. ఆ మర్నాడు మధ్యాహ్నం వరసలో ఆమె బండి కనపడింది.

కెల్సీ దిగి, చేతి తొడుగులు వేసుకుంటూ నన్ను చూసింది. "వరసలో ఉన్నావా?"

"లేను. నీకోసం వచ్చాను."

"నాకు పనుంది" అని గొట్టం బిగించింది. నేను వెళ్లి రెండో చివర పట్టుకున్నాను.

"అక్కర్లేదు. ఇటుక ఉంది నా దగ్గర."

"కెల్సీ, ఆ రోజు నేను చెప్పిన లెక్క తప్పు. రెండు బండ్లూ ఉండనీ. నీ తలుపు నీదే, తాళం నీదే. పెట్రోలు రెట్టింపు, అద్దెలు రెండు. అన్నీ తెలిసే అంటున్నా. నువ్వెటు వెళ్తే అటు వస్తాను. నువ్వెళ్లాక నాకేం బాలేదు. ఒక్కణ్నే బాగున్నాననుకున్నాను ఇన్నాళ్లూ. బాలేను. నువ్వంటే నాకు ప్రేమ."

ఆమె మీట మీద చెయ్యి అలాగే ఉంచింది. వెనక బండి హారన్ కొట్టింది. ఒక ముసలాయన కిటికీలోంచి తల బయటికి పెట్టి, "అయ్యా, ట్యాంకైనా కానివ్వండి, ప్రేమైనా కానివ్వండి! ఏదో ఒకటి కానివ్వండి!" అని అరిచాడు.

"నేను వెళ్లేది ఒహాయో" అంది కెల్సీ.

"తెలుసు."

"అక్కడంతా మంచు. నీ బండి గోడలు అట్టముక్కలు. నీళ్ల పైపులు గడ్డకట్టి పగిలిపోతాయి."

"పగలనీ."

"మనవాళ్లలో జనవరిలో ఉత్తరానికి పోయేవాళ్లెవరైనా ఉన్నారా? పిచ్చా నీకు?"

"నువ్వు పోతున్నావుగా."

"నాకు వేరే దారి లేదు."

"నాకూ లేదు."

ఆమె మొహం తిప్పుకుంది. భుజాలు కదిలాయి. నవ్వుతోందో ఏడుస్తోందో తెలీక నేను ఒక అడుగు ముందుకేశాను.

"ఆగు!" అంది. "గొట్టం వదలకు. ముందు ఇది అవనీ. చేతులు కడుక్కో. అప్పుడు రా దగ్గరికి."

"లాగనా మీట?"

"మీట నా దగ్గరుంది, దద్దమ్మా! గట్టిగా పట్టుకో."

వెనక ముసలాయన మళ్లీ హారన్ కొట్టాడు. ఈసారి ఎందుకో రెండుసార్లు, మెల్లగా.

బయల్దేరే రోజు వర్నాగారు తన ట్రైలర్లోని దుప్పట్లన్నీ తెచ్చి మా చేతుల్లో పెట్టింది. "ఇద్దరికిద్దరూ సరిపోయారు" అని ఇద్దర్నీ దగ్గరికి తీసుకుంది. చాలాసేపు వదల్లేదు.

కెల్సీ ముందు, నేను వెనక. తన బండి అమ్మాలా వద్దా అన్నది అక్కడికెళ్లాక చూద్దామంది. ఫ్లాగ్‌స్టాఫ్ వైపు కొండ ఎక్కుతుంటే అద్దం మీద మొదటి మంచు పడింది. పెట్రోలు ముల్లు నా కళ్లముందే దిగుతోంది. ఎదురుగా వచ్చే ఇంటిబండ్లన్నీ ఎండ కోసం దక్షిణానికి దిగుతున్నాయి, వరసగా, ఒకదాని వెనక ఒకటి. మమ్మల్ని చూసి ఒక్కొక్కరూ లైట్లు ఆర్పి వెలిగించి, వెనక్కి తిరగమని చెయ్యి ఊపారు. దారి తప్పామనుకుని ఉంటారు. నేను వాళ్లకు తిరిగి చెయ్యి ఊపి, కెల్సీ బండి వెనకే ఎక్కుతూ వెళ్లాను.