ఊపిరి వంతు

గురమ్మ కాలు గాలిలో ఉండగానే పాట తెగిపోయింది.

ఆ రోజు స్కూలు వార్షికోత్సవం. నోరా టీచర్‌ది ఐర్లండ్. వాళ్ల దేశపు డాన్సును పోర్ట్‌బ్లెయిర్ పిల్లలకు నేర్పింది. ఐర్లండ్‌లో వాయిద్యం దొరకనప్పుడు నోటితోనే పాడి ఆడతారట. అందుకే కోరస్ పిల్లలు "డీడిల్ డీడిల్ డమ్" అని పాడుతుంటే, ఆ పాట మీద గురమ్మ అడుగులు వేస్తోంది.

పాట ఎక్కడా ఆగకూడదు. మిగతావాళ్లు ఊపిరి పీల్చుకునే చోట కోరస్‌లోని అచ్చమ్మ ఒక్కతే పాటను పట్టుకోవాలి. కానీ అచ్చమ్మ ఒడ్డున నాన్నతో కలిసి పెద్దవల లాగే పిల్ల. అక్కడ "హైలెస్సా" అని అందరూ ఒక్కసారే ఊపిరి పీల్చుకుంటారు. స్టేజీ మీద భయంలో ఆ అలవాటే ముందుకొచ్చింది. అందరితోపాటు తనూ ఊపిరి పీల్చింది.

గురమ్మ తడబడి కూలబడింది. జనం నవ్వారు.

"ఏమయింది, గురమ్మా?" టీచర్ వచ్చీరాని తెలుగులో అడిగింది.

"అడుగు మర్సిపోనాది టీచర్" అన్నాడు కోరస్‌లో ఉన్న నూకన్న.

అచ్చమ్మ నూకన్న వెనక్కి జరిగింది. గురమ్మ తల వంచుకుని గౌను దులుపుకుంది. వాళ్ల నాన్నకు కార్ నికోబార్ దీవికి బదిలీ అయింది. రేపే ప్రయాణం. మళ్లీ ఎప్పుడు కనబడుతుందో, అసలు కనబడుతుందో లేదో.

ఆ సాయంత్రం అచ్చమ్మకు అన్నం సయించలేదు.

"ఏటయింది బిడ్డా?" అంది అమ్మ.

"ఏటీ నేదు" అంటూ అచ్చమ్మ గోడవైపు తిరిగింది.

మర్నాడు గురమ్మను సాగనంపడానికి టీచర్, పిల్లలు జెట్టీకి వచ్చారు.

"గురమ్మా, ఓడెక్కినప్పుడైనా పడిపోకే" అన్నాడు నూకన్న.

అచ్చమ్మ ముందుకొచ్చింది.

"గల్తీ దానిది కాదు. ఊపిరి వంతు నాది. నానే పాట ఆపేసినాను. నిన్న సెప్పనేదు."

నూకన్న నవ్వు ఆగింది.

"తెలుసులే" అంది గురమ్మ మెల్లగా. "రోజూ ఇనే గొంతు ఆగిపోతే నాకు తెల్దేటి?"

తెలిసి కూడా గురమ్మ టీచర్‌కు చెప్పలేదు. అచ్చమ్మకు నిన్నటికంటే ఎక్కువ సిగ్గేసింది. తలెత్తలేకపోయింది.

ఓడ కూత వేసింది. గురమ్మ చెప్పులు విప్పి చేత పట్టుకుంది.

"అరే, పాడవేటి? నిన్నటిది సగంలో ఉండిపోనాది కదా."

అచ్చమ్మ అందుకుంది. పిల్లలు గొంతు కలిపారు. జెట్టీ చెక్కల మీద గురమ్మ పాదాలు టపటపలాడాయి. అందరూ ఊపిరి పీల్చుకునే చోటు వచ్చింది. అచ్చమ్మ గొంతు బొంగురుపోయింది. కళ్లు నిండాయి. అయినా పాట వదల్లేదు. ఆ ఒక్క గొంతు మీదే అడుగులు వేసుకుంటూ గురమ్మ నిచ్చెనెక్కి ఓడలోకి వెళ్లింది.

అప్పుడు ఊపిరి తీసుకుంది అచ్చమ్మ.