రెండు డ్రమ్ముల కుడితి

ఉదయం 7:40.

బాయ్స్ హాస్టల్ రెండో అంతస్తు బాత్రూం. తలుపు విరగ్గొట్టారు. సెకండియర్ కుర్రాడు మార్క్ నేల మీద పడి ఉన్నాడు. కళ్లు తేలేశాడు. చేతిలో ఫోన్ మాత్రం వదల్లేదు. చుట్టూ వాంతి. దాని వాసన గురించి రాయను. చదివేవాళ్లు అప్పుడే టిఫిన్ చేసి ఉండొచ్చు.

అప్పటికే రెండు హాస్టళ్లలో కలిపి అరవై మంది కడుపులు పట్టుకుని మెలికలు తిరుగుతున్నారు. చిలకలూరిపేట నుంచి వచ్చిన మూడు అంబులెన్సులు చాల్లేదు. కాలేజీ బస్సులోకి కూడా ఎక్కించారు.

8:25కి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గౌస్ బాషా జీపు మిరప కల్లాలు దాటి ఇంజినీరింగ్ కాలేజీ గేటు దగ్గర ఆగింది. ఆయనకి యాభై రెండేళ్లు. షుగర్. ఎక్కడికెళ్లినా జొన్నరొట్టె, ఆకుకూర పప్పు వెంట ఉండాల్సిందే.

గేటు నిండా పోస్టర్లు. ఆ రోజు స్టూడెంట్ కౌన్సిల్ ఎన్నిక. ఓటింగ్ ఫోన్‌లోనే, ఏడింటి నుంచి పన్నెండింటి దాకా. ప్రెసిడెంట్ పోస్టుకి ఇద్దరే పోటీ. ఫైనలియర్ చైతన్యకృష్ణ. థర్డియర్ జెస్సీ.

చైతన్యకృష్ణ పోస్టర్లో అతని ఫొటో నిలువెత్తున ఉంది. కింద చీమ తలకాయంత అక్షరాల్లో నాలుగు హామీలు. గౌస్ బాషా కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని ఆ నాలుగూ చదివాడు. ఆ కాలేజీలో వాటిని చదివిన మొదటి మనిషి ఆయనే.

ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి డాక్టర్ జ్యోతిర్మయి.

"మార్క్ పరిస్థితి బాగా లేదండి. కిడ్నీల మీద దెబ్బ పడుతోంది. ఏం తిన్నాడో కచ్చితంగా తెలియాలి. అందరూ సాంబారు, దొండకాయ వేపుడు అంటున్నారు. నాకు నమ్మకం లేదు. ఏం తిన్నాడో తెలిస్తే సరైన మందు ఇస్తాను."

"ఎంత టైముంది?"

"మధ్యాహ్నం దాటితే నేనేం చెప్పలేనండి."

8:40. మెస్ హాలు.

వంటమనిషి ప్రేమమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పద్నాలుగేళ్లుగా ఈ మెస్‌లో వండుతోంది. హెడ్ కానిస్టేబుల్ ఆదాం పక్కనే కాపలా. బెంచీల మీద జబ్బు పడని స్టూడెంట్లు.

"నిన్న రాత్రి ఏం వండావమ్మా?"

"సాంబారు, దొండకాయ వేపుడు, మజ్జిగ. అందరికన్నా ముందు నేనే తిన్నానయ్యా. నాకేం కాలేదు. పిల్లలకి విషం పెట్టే చేతులా ఇవి?" రెండు చేతులూ చాచింది.

వార్డెన్ రామాంజనేయులు రిజిస్టర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "చూడండి సార్. రాత్రి రెండొందల పద్నాలుగు మంది మెస్‌లోనే తిన్నారు. అందరి సంతకాలూ ఉన్నాయి."

"సంతకం పెట్టకపోతే?"

"ఇంటికి ఫోన్ వెళ్తుంది సార్. స్ట్రిక్టు."

చైతన్యకృష్ణ ముందుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నలగని మొహం. "సార్, ఒక్క మాట. పడిపోయినవాళ్లంతా నా సపోర్టర్లే. జెస్సీ వైపువాళ్లు ఒక్కరూ పడలేదు. ఆ అమ్మాయీ ప్రేమమ్మా ఒకటే చర్చి. ఇక మీరే ఆలోచించుకోండి."

జెస్సీ ఒక్క ఉదుటున లేచింది. "సిగ్గులేదా నీకు? నేనూ అదే సాంబారు తిన్నాను!"

"తిన్నావు, మరి నీకేం కాలేదేం?"

హాలంతా గుసగుసలు. ప్రేమమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"సార్, ఎక్కించమంటారా?" అన్నాడు ఆదాం, జీపు వైపు చూస్తూ.

"ఆగు."

9:05. గౌస్ బాషా హాస్టల్ గదులు తిరిగాడు. ఛీ, అవేం గదులు! మంచాల కింద చిప్స్ కవర్లు, సగం తాగి వదిలేసిన కూల్‌డ్రింకులు, నూడుల్స్ ఎండి అట్టలు కట్టిన కప్పులు. వాటి మీద చీమలు. లక్షన్నర ఫీజు కట్టి పంపిన పిల్లలు పందుల దొడ్డిలో బతుకుతున్నారు.

మంచాల మీద ముడుచుకున్న ఐదుగురిని అడిగాడు. విడివిడిగా.

"రాత్రి ఏం తిన్నావు?"

"మెస్ సాంబారు సార్."

ఐదుగురిదీ అదే జవాబు. ఒక్క అక్షరం తేడా లేదు.

"పోటీలో ఎవరికి ఓటు?"

"చైతన్య అన్నకే సార్."

"ఆయన గెలిస్తే ఏం చేస్తాడు?"

ఈసారి ఐదుగురూ నోరు తెరిచారు. మళ్లీ మూసుకున్నారు. ఒకడు మాత్రం, "మంచోడు సార్" అన్నాడు.

హాస్టల్ వెనక చెత్తకుండీ. కాగితాల కుప్ప. తీసి చూస్తే జెస్సీ పంచిన కరపత్రాలు. తాగునీటి ట్యాంకు ఎప్పుడు కడిగారో, కౌన్సిల్ ఫండ్ ఎటు పోయిందో తారీఖులతో సహా రాసింది, పాపం. ఒక్కటీ చదివినట్టు లేదు. అన్నీ ఉండలు చుట్టి ఉన్నాయి. అన్నిటి మీదా ఎర్రటి నూనె, తెల్లటి జిడ్డు.

గౌస్ బాషా ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని చటుక్కున దూరం జరిపాడు. మయోనైస్. పులిసిపోయింది. వేళ్లు తుడుచుకోవడానికి వాడారు దరిద్రులు!

9:40. వెనక గేటు. ఖాళీ డ్రమ్ములు తిరిగి పెట్టడానికి ఒక ముసలమ్మ తోపుడు బండితో వచ్చింది. పేరు బసవమ్మ. మెస్‌లో మిగిలింది రోజూ పొద్దున్నే కుడితికి పట్టుకెళ్తుంది.

"ఎన్ని గేదెలమ్మా?"

"ఐదు, బాబూ."

"రోజూ ఎంత కుడితి వస్తుంది?"

"అర డ్రమ్ము. ఇయ్యాల మాత్రం రెండు డ్రమ్ములు. పొర్లిపోయింది. దొండకాయ ముక్క కూడా కొరకలేదు ఎదవలు. అన్నం పెట్టింది పెట్టినట్టే పారబోశారు. మా ఇంట్లో ఆ అన్నం నాలుగు రోజులు తింటాం."

"గేదెలు తిన్నాయా?"

"ఆరున్నరకే తిన్నాయి. శుభ్రంగా నెమరేత్తా పడుకున్నాయి. ఏం బాబూ?"

గౌస్ బాషా అప్పటికే మెస్ వైపు పెద్ద పెద్ద అంగలు వేస్తున్నాడు.

10:00. మెస్ హాలు. నడవగలిగిన ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టారు.

"అందరం రిజిస్టర్ చూశాం," అన్నాడు గౌస్ బాషా. "డ్రమ్ము ఎవరూ చూడలేదు. సంతకాలు రెండొందల పద్నాలుగు. కానీ అన్నమంతా డ్రమ్ముల్లోనే ఉంది. ఇంటికి ఫోన్ వెళ్లకూడదని సంతకం పెట్టారు. ప్లేటు నింపారు. డ్రమ్ములో ఒంపారు. ఆ సాంబారు నిజంగా తిన్నది ప్రేమమ్మ, జెస్సీ, ఆ అమ్మాయి వైపు ఓ పాతికమంది, ఐదు గేదెలు. వాళ్లందరూ బాగానే ఉన్నారు."

వార్డెన్ రామాంజనేయులు రిజిస్టర్ మెల్లగా మూశాడు.

"మరి మీరేం తిన్నారు? అక్కడ మార్క్ చావుబతుకుల్లో ఉన్నాడు. డాక్టర్ లైన్లో ఉంది. చెప్పండ్రా!"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఫ్రెండు చచ్చిపోతున్నా నోరు విప్పరు, ఏం పెంపకాలో!

చివరి బెంచీలో జాస్మిన్ అనే ఫస్టియర్ అమ్మాయి లేచింది. ఏడుస్తోంది.

"షవర్మా సార్. చికెన్ రోల్స్. రాత్రి ఎనిమిదిన్నరకి చైతన్య అన్న కారులో తెచ్చి పంచాడు. మార్క్ మూడు తిన్నాడు. పొద్దున గ్రూపులో మెసేజ్ పెట్టారు. ఎవరడిగినా మెస్ సాంబారనే చెప్పమని. కవర్లన్నీ బస్తాల్లో పట్టుకుపోయారు."

"విన్నారా డాక్టరమ్మా?"

"విన్నానండి. చాలు." ఫోన్ కట్ అయింది.

గౌస్ బాషా తిరిగాడు. "చైతన్యా, నువ్వెన్ని తిన్నావు?"

"నాకు... గొంతు నొప్పి సార్."

"చికెన్ ఎప్పటిది?"

చైతన్యకృష్ణ తలుపు వైపు ఓ అడుగు జరిగాడు.

"షాపువాడిని ఆదాం ఎలాగూ పట్టుకొస్తాడు. నువ్వు చెప్తావా, వాడు చెప్పాలా?"

చైతన్యకృష్ణ నుదురు తుడుచుకున్నాడు. "శనివారానిది సార్, మూడు రోజులైంది. ఎలక్షన్ మీటింగ్‌లో పంచుదామని తెప్పించాను, మీటింగ్ వాయిదా పడింది. మధ్యలో కరెంటు పోయింది. వాసనొస్తోంది, పారేద్దామన్నాడు షాపతను. నేనే... మయోనైస్ ఎక్కువ వెయ్యమన్నాను. వాసన తెలీదని."

ముందు వరసలో ఒకమ్మాయి నోరు మూసుకుని బయటికి పరిగెత్తింది.

"తర్వాత వంటమనిషి మీదికి నెట్టావు. ఎటూ ఆవిడ్ని వదిలించుకోవాలి కదా." గౌస్ బాషా గొంతులో అసహ్యం దాచుకోలేదు. "ఆదాం, ఎక్కించాల్సింది వీడిని."

ప్రేమమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. జెస్సీ వెళ్లి చెయ్యి పట్టుకుంది.

పన్నెండింటికి ఓటింగ్ ముగిసింది. 12:10కి రిజల్టు వచ్చింది. చైతన్యకృష్ణ 391. జెస్సీ 88.

అంతా విన్నాక కూడా! అరెస్టయితే ఓట్లు చెల్లవని రూల్స్‌లో ఎక్కడా లేదన్నాడు ప్రిన్సిపాల్.

మర్నాడు ఉదయం 9:15. ఆసుపత్రి.

మార్క్ లేచి కూర్చున్నాడు. మొహం పాలిపోయింది గానీ గండం గడిచింది. ప్రేమమ్మ స్టీలు క్యారేజీలో బియ్యం జావ తెచ్చి చెంచాతో తాగిస్తోంది.

"ఓటేశావా?" అడిగాడు గౌస్ బాషా.

"వేశానండి. ఏడూ ఇరవైకి, బాత్రూంలో. చైతన్య అన్నకే."

"వాంతులవుతుంటే వేశావా? ఎందుకురా?"

"మూడు రోల్స్ తిన్నాను కదండీ. తిని వెయ్యకపోతే బాగోదు కదా."

"వాడి హామీల్లో మొదటిదేంటో తెలుసా?"

"షవర్మా కౌంటరే కదండీ?"

"అది నాలుగోది. మొదటిది ఈ మెస్ మూసేసి వాళ్ల బాబాయి క్యాటరింగ్‌కి ఇవ్వడం. ప్రేమమ్మని తీసెయ్యడం. పోస్టర్ మీదే రాసుంది. నెల రోజులు దాని పక్కనుంచే నడిచావు."

మార్క్ నోటి దగ్గరికొచ్చిన చెంచా ఆగిపోయింది. ప్రేమమ్మ మొహం చూడలేక తల దించుకున్నాడు.

"సార్... ఆ ఓటు వెనక్కి తీసుకోవచ్చాండి?"

"అదేమన్నా వాంతా, వెనక్కి రావడానికి?"

గౌస్ బాషా టోపీ తీసుకుని బయటికి నడిచాడు.

"తాగు నాయనా, చల్లారిపోతుంది," అంది ప్రేమమ్మ. "ఈ నెలాఖరు దాకా ఉంటాలే."