ఎస్మే ఇచ్చిన మాత్రలు

శనివారం మధ్యాహ్నం మూడు పది. రెన్‌మార్క్ ఊరి బౌలింగ్ క్లబ్ పచ్చికమీద బంతి దొర్లించబోతూ మర్విన్ కుప్పకూలాడు. మళ్లీ లేచి నిలబడలేకపోయాడు.

సాయంత్రం ఆసుపత్రి నుంచి డాక్టరు, పోలీసు సార్జెంట్ రొవీనాకు ఫోన్ చేశాడు. కండరాలు కరిగిపోతున్నాయి. కిడ్నీలకు ప్రమాదం. ఒంట్లో ఏం చేరిందో త్వరగా తెలియాలి.

"ఇంకేముంది, మా క్లబ్బులో ఆడే ఆ ఎస్మే పనే!" అంది మర్విన్ భార్య డోరీన్. "కీళ్లనొప్పులకని గ్లూకోసమైన్ డబ్బా ఇచ్చింది. అదీ అందరి ముందూ! దాన్ని అరెస్ట్ చెయ్యండి."

రొవీనా డబ్బాను ల్యాబ్‌కు పంపింది. ఎస్మేని పిలిపించింది.

"అవే నేనూ వేసుకుంటున్నా," ఎస్మే కళ్లు ఒత్తుకుంది. "డోరీన్‌కి నేనంటే మంట. నేను క్లబ్బుకు స్కోన్ బన్నులు తెస్తే ఆవిడ పోటీగా కేకు తెస్తుంది."

రొవీనా నేరుగా డోరీన్ వంటింటికి వెళ్లింది. సింకు పక్కన దబ్బపండులాంటి గ్రేప్‌ఫ్రూట్ తొక్కలు కుప్పగా ఉన్నాయి. అంతకుముందు మాత్రల డబ్బా కోసం వచ్చిన కానిస్టేబుల్ వాటిని పట్టించుకోలేదు.

"మర్విన్ గారు ఇంకేం మందులు వాడతారు?"

"కొలెస్ట్రాల్ మాత్ర. వారానికి సరిపడా గళ్ల డబ్బాలో నేనే సర్దుతా. అట్టపెట్టె పారేస్తా."

"దేంతో మింగుతారు?"

"మా చెట్టు గ్రేప్‌ఫ్రూట్ రసంతో." డోరీన్ మెడ నిక్కించింది. "ఆ ఎస్మే డబ్బా ఇచ్చిన మర్నాటి నుంచీ రోజూ ఒక గ్లాసు. దాని మాత్రలకన్నా నా చేతి రసం తక్కువా?"

"నొప్పులు తగ్గాయా?"

"పెరిగాయి. అందుకే రెండు గ్లాసులు చేశా."

రొవీనా పెరట్లోని చెత్తడబ్బా మూత ఎత్తింది.

సోమవారం ఆసుపత్రి వరండాలో డోరీన్ చేతికి, చెత్తలో దొరికిన కొలెస్ట్రాల్ మాత్రల నలిగిన అట్టపెట్టె ఇచ్చింది.

"స్టిక్కర్ చదవండి."

"గ్రేప్‌ఫ్రూట్ తినరాదు, రసం తాగరాదు."

"ఆ రసం ఈ మందును ఒంట్లోంచి పోనివ్వదు. రోజురోజుకీ పేరుకుంది. తర్వాత పెరిగిన నొప్పి కీళ్లది కాదు, కండరాలది. మాత్రలూ, కీళ్ల మందూ, రసమూ అన్నీ ఫార్మసీలో చెప్పి ఒక్క మాట అడిగుంటే ఆపేవాళ్లు. ల్యాబ్ రిపోర్ట్ కూడా వచ్చింది. ఎస్మే డబ్బాలో ఏ తేడా లేదు."

డోరీన్ స్టిక్కర్‌ను మరోసారి చూసింది.

"అంటే... దాని మాత్రలు మంచివేనా?"

"మీరు ముందు ఆయన బతుకుతాడా అని అడుగుతారనుకున్నాను."

డోరీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "బతుకుతాడా?"

"బతుకుతాడు," అంది రొవీనా. "ఆ మాట ఎస్మే పొద్దున్నే అడిగింది."