దీపం నిలవని గది

ఆ గదిలో దీపం నిలవదని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. తెలియనిది కొనుక్కున్నవాళ్ళకే.

కెనడాలో హాలిఫాక్స్ నుంచి కారులో గంట పైన ప్రయాణం. లోయలో చిన్న ద్రాక్షతోట, తోటలో పాత చెక్క ఇల్లు, ఇంటి పక్కన వైన్ తయారుచేసే కొట్టం. కొట్టంలోంచి రాతిమెట్లు దిగితే కింద ఒక గది. తోట పాత యజమాని వాల్టర్ అనే ముసలాయన ఆ గదిలోనే గోడకు ఆనుకుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. ఒంటి మీద చిన్న గాయం లేదు. ఆ తరవాత అక్కడ ఏ బల్బు పెట్టినా నాలుగు రోజులకే మాడిపోయేదట. కరెంటు పనివాడొచ్చి చూసి, అంతా చెమ్మ అన్నాడు. అన్నవాడు మళ్ళీ పిలిస్తే రాలేదు.

కాలేజీల నిండా మన పిల్లలు దిగి, ఇళ్ళ కింది బేస్‌మెంట్లలో అద్దెకుంటున్న రోజులవి. హాలిఫాక్స్‌లో ఒక బేస్‌మెంట్‌లో పుట్టిన కబురు తెల్లారేసరికి అన్ని బేస్‌మెంట్లూ తిరిగొచ్చేది. తలా ఒక చెయ్యి వేసి పెంచినదంతా తీసేస్తే, మిగిలిన సంగతి ఇదీ.

వీరరాఘవులు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ ఏ ముహూర్తాన వైన్ తయారీ కోర్సులో చేరాడో గానీ, అది పూర్తయ్యేసరికి తోట కొన్నాడు. భార్య హైమావతిది తెనాలి వైపు. వైన్ నాలుక మీద వేసుకోదు. అయినా మొగుడి పిచ్చి ఆవిడకూ అంటుకుంది. కొట్టం ముందు భాగానికి దగ్గరుండి రంగులు వేయించి, బల్లలు చేయించి, టేస్టింగ్ రూమ్ తయారుచేసింది. వచ్చినవాళ్ళు గుక్కెడు గుక్కెడు రుచి చూసి, నచ్చిన సీసా కొనుక్కునే చోటన్నమాట.

తోటతో పాటే కొన్న వైన్ సీసాలు దాచడానికి చల్లటి జాగా కావాలి. కింది గదికి మించిన చల్లటి జాగా లేదు.

వాల్టర్ సంగతి చెవిన పడ్డాక హైమావతికి మనసు నిలవలేదు. ఎండాకాలంలోనే ఒక శుక్రవారం, చివరి మెట్టు పక్కన నేల మీద మట్టిప్రమిద పెట్టి దీపం వెలిగించింది. చక్కగా వెలిగింది. నూనె అయిపోయేదాకా వెలిగింది. ఆవిడ గుండె కుదుటపడింది.

అక్టోబరులో ద్రాక్షలు కోశారు. పైన కొట్టంలో తొట్ల నిండా రసం పొంగడం మొదలైంది.

ఆ శుక్రవారం ఎప్పటిలాగే దీపం వెలిగించి రెండు మెట్లు ఎక్కి వెనక్కి చూస్తే... ఆరిపోయి ఉంది.

గాలి లేదు. ప్రమిదలో నూనె ఉంది. ఒత్తి సరిగ్గానే ఉంది. మళ్ళీ వెలిగించింది — ఎవరో పక్కన కూర్చుని మెల్లగా ఊదినట్టు మంట కిందికి వంగి, నీలంగా మారి, పోయింది.

తల దిమ్మెక్కింది. గుండె దడదడలాడింది. ఎలా పైకొచ్చిందో ఆవిడకే తెలియదు.

మర్నాడూ అంతే. ఆ పై వారమూ అంతే.

ఇక ఆవిడకు కూర్చుంటే నిలబడాలని, నిలబడితే కూర్చోవాలని. అన్నం కలుపుకుని తినడం మరిచిపోయేది. వేసిన తాళం మళ్ళీ మళ్ళీ లాగి చూసేది. మొగుడితో అంటే, "నిద్ర సరిపోవట్లేదు నీకు" అన్నాడు. పనికొచ్చిన ఇద్దరు విద్యార్థులు ఆరిన ప్రమిదను చూశారు. రెండో వారం రాలేదు. వాట్సాప్ గ్రూపులో ఆ గది ఫొటో మాత్రం తిరిగింది.

మిగిలింది ధాత్రి ఒక్కతే. కరీంనగర్ పిల్ల, హాలిఫాక్స్‌లో చదువుతూ శని ఆదివారాలు ఇక్కడికొచ్చి పనిచేసేది. వాళ్ళమ్మ వీడియో కాల్‌లో కళ్ళనిండా నీళ్ళతో, "అక్కా, మా పిల్లను మీ చేతుల పెడ్తున్న" అంది. ఆ మాట హైమావతి గుండెలో మేకులా దిగబడింది. అయినా పిల్లకు నిజం చెప్పలేదు. చెబితే ఇదీ పోతుంది. టేస్టింగ్ రూమ్ తెరిచేది ఆ శనివారమే.

ఇండియన్ స్టోర్లో దీపావళి సరుకులో బ్యాటరీ దీపాలు కనిపించాయి. అచ్చం ప్రమిదలాగే, పైన చిన్న ప్లాస్టిక్ మంట. ఒకటి కొని కొత్త బ్యాటరీలు వేసి, ప్రమిద తీసేసి అక్కడ పెట్టింది.

"ఇది ఆర్పు చూద్దాం," అంది చీకటితో, పళ్ళు బిగబట్టి.

ఆరలేదు. ఆ రోజూ, మర్నాడూ, ఆ మర్నాడూ పైనుంచి తొంగి చూస్తే కింద పచ్చగా వెలుగుతూనే ఉంది. హైమావతి గెలిచాననుకుంది. చాలా రోజులకు కడుపునిండా తింది.

శుక్రవారం చలి ఒక్కసారిగా ముదిరింది. చల్లబడితే రసం పొంగదని వీరరాఘవులు కొట్టం తలుపులూ కిటికీలూ బిగించి, హీటర్ పెట్టి ఆఫీసుకు వెళ్ళాడు. సాయంత్రానికి తొట్లు కుతకుతమంటున్నాయి. బయట అప్పుడే చీకటి పడింది. మర్నాడే ప్రారంభమని ధాత్రి ఒక రోజు ముందే వచ్చింది.

"ధాత్రీ, కిందినుంచి ఒక పెట్టె సీసాలు తేమ్మా. అలమరలో సర్దేద్దాం."

పిల్ల మెట్ల దగ్గర ఆగింది. గొంతు తగ్గించి, "ఆంటీ... కింద ఏదో ఉందంటున్నరు. నిజమేనా?"

"ఎవరమ్మా అన్నది? ఏమీ లేదు. చూడు, దీపం ఎంత చక్కగా వెలుగుతోందో."

అంటుంటే తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. మేకు కదిలింది. వద్దులే, నేనే తెస్తా అందామనుకుంది. అనలేదు.

ధాత్రి ఖాళీ పెట్టె రెండు చేతులతో పట్టుకుని దిగుతోంది. ఒక్కో మెట్టూ... మెల్లగా. కింద ఆ పచ్చటి వెలుగు. పై మెట్టు మీద హైమావతి, చేతులు నలుపుకుంటూ.

సగం దిగింది. ఇంకో మెట్టు...

దీపం ఆరిపోయింది.

మినుకుమినుకుమనలేదు. సన్నగిల్లలేదు. ఎవరో ఆపేసినట్టు — ఠక్కున.

"ఆంటీ!"

పెట్టె జారి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది. పిల్ల గోడ పట్టుకుని వెనక్కి ఎక్కుతోంది... ఎక్కలేకపోతోంది. కాళ్ళు తేలిపోతున్నాయి. హైమావతి రెండు మెట్లు దిగి, అందిన చెయ్యి అందినట్టు పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి లాగింది. ఈడ్చుకుంటూనే కొట్టం దాటించి బయట గడ్డి మీద పడేసింది.

"అమ్మా... లే తల్లీ... లే," అంటూ చెంపలు తడుతూ ఏడ్చేసింది. అబద్ధం చెప్పి పంపానే అని మనసులో తనను తాను తిట్టుకుంది.

చల్లగాలికి ధాత్రి కళ్ళు తెరిచింది.

అప్పుడే గేటు దగ్గర టార్చి వెలుగు. పక్క యాపిల్ తోట డోరతీ, వాల్టర్ చెల్లెలు. రేపటి ప్రారంభానికని యాపిల్ పై అనే తీపి వంటకం చేసి తెచ్చింది. అన్న పోయాక ఆ ఇంటి గడప తొక్కని ముసలామె ఆ కేకకు పరుగెత్తుకొచ్చింది. పిల్ల ముఖం చూసింది. మూసిన కిటికీలు చూసింది.

"కొవ్వొత్తి లేకుండా దిగిందా?" అంది.

హైమావతికి అర్థం కాలేదు.

డోరతీ ఒక కొవ్వొత్తి తెప్పించి, వెలిగించి, డబ్బాలో నిలబెట్టి, తాడు కట్టి మెట్ల మీంచి కిందికి వదిలింది. సగం మెట్ల దాకా బాగానే వెలిగింది. ధాత్రి ఆగిన మెట్టు దాటగానే మంట నీలమై వంగి... పోయింది.

"రసం పొంగేటప్పుడు గ్యాస్ పుడుతుంది," అంది డోరతీ. "బరువైన గ్యాస్. మెట్ల మీంచి జారి గుంటలో నీళ్ళలా ఆ గదిలో నిండుతుంది. వాసన ఉండదు, కంటికి కనపడదు. మంట ఆరిందంటే వెనక్కి వచ్చెయ్యమని అర్థం. మా నాన్న మాకు నేర్పిన మొదటి సంగతి అదే."

నెలరోజులుగా ఆ గది హైమావతికి చెబుతున్నది అదన్నమాట. తను ఆ నోరు మూసి, ప్లాస్టిక్ మంట పెట్టి, పిల్లను పంపింది.

"మరి వాల్టర్...?" గుసగుసగా అడిగింది.

డోరతీ తాడు లాగి డబ్బా పైకి తీసుకుంది. "ఆ వారమే గదిలో బల్బు పెట్టించుకున్నాడు. వెలుతురుంది కదా, ఇంకా కొవ్వొత్తెందుకని దిగాడు. మేం వెళ్ళి చూసేసరికి ఆయన తల మీద ఆ బల్బు వెలుగుతూనే ఉంది."

ఫైర్ వాళ్ళొచ్చారు. తలుపులన్నీ బార్లా తెరిచి రాత్రంతా పెద్ద ఫ్యాన్ తిప్పారు. కంగారుగా వచ్చిన వీరరాఘవులు తలుపు పక్కన కూలబడ్డాడు. కోర్సులో ఈ గ్యాస్ గురించి చదివాడు. తొట్లు లేని కింది గదిలోకి వస్తుందనే ఆలోచనే రాలేదు.

తెల్లవారాక గ్యాస్ కొలిచే మీటర్ పెట్టి చూసి, ఇక దిగొచ్చన్నారు. అయినా హైమావతి మట్టిప్రమిద వెలిగించి చేత్తో పట్టుకునే దిగింది. మంట ఆరలేదు. తల దిమ్ము లేదు, గుండె దడ లేదు. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదనుకుంది. నవ్వు కూడా వచ్చింది.

బ్యాటరీ దీపం పెట్టినచోటే ఉంది. పెట్టె దొర్లి అవతలి గోడ దగ్గర పడింది. దీపానికి తగల్లేదు.

గ్యాస్ మంటను ఆర్పుతుంది. ప్లాస్టిక్ మంటను ఎలా ఆర్పింది?

బ్యాటరీ పోయిందేమో. దీపం చేతిలోకి తీసుకుని తిరగేసింది.

అడుగున మీట పక్కకు జరిపి ఉంది. దీపం పైకెత్తి, వేలితో నొక్కి జరిపితే తప్ప అది కదలదు.

హైమావతి మీట వెనక్కి జరిపింది. పచ్చగా, నిండుగా వెలిగింది.

ఆవిడ వాల్టర్ ఆనుకుని కూర్చున్న గోడ వైపు తిరిగి, పెదవులు మాత్రం కదిలేలా, "పిల్లను కాపాడారు బాబుగారూ," అంది. మట్టిప్రమిదను చివరి మెట్టు పక్కన పెట్టి, బ్యాటరీ దీపాన్ని ఏప్రన్ జేబులో దాచి పైకొచ్చింది.

ధాత్రి దుప్పటి కప్పుకుని టేస్టింగ్ రూమ్‌లో టీ తాగుతోంది. "ఆంటీ, నిన్న ఆ దీపం ఎందుకు బందయింది? బ్యాటరీ అయిపోయిందా?"

"ఆ... అయిపోయిందమ్మా," అంది హైమావతి, జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని.

వేళ్ళ సందుల్లోంచి వెలుగు వస్తూనే ఉంది.