నిమిషంలోపు జవాబు

"ఇక్కడ తాళాలు గారంటే ఎవరండీ?"

గుమ్మంలో నిలబడి గొడుగు దులుపుతూ అడిగిందా అమ్మాయి. సగం వాన గొడుగు మీద పడితే మిగతా సగం ఆమె మీదే పడినట్టుంది. జడ చివర్నుంచి చుక్కలు కారుతున్నాయి.

క్లాసులో హాజరు పలికినట్టు చెయ్యెత్తాడతను. అందరూ నవ్వారు.

అది మాటపలక వాలంటీర్ల మొదటి మీటింగ్. అప్పటిదాకా చాలామంది ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదు, దాదాపు అన్నీ ఆన్‌లైన్ పరిచయాలే. ఆదివారం పొద్దున ఖాళీగా ఉంటుందని ఒక డాన్స్ స్కూల్ హాలు అడిగి తీసుకున్నారు. మూడు గోడలకీ నిలువెత్తు అద్దాలు. ఎటు తిరిగినా ఎవరి మొహం వాళ్లకే ఎదురొస్తుంది.

మాటపలక అంటే ఒక యాప్. జబ్బు చేసి మాట పడిపోయినవాళ్లు ట్యాబ్ మీద బొమ్మ నొక్కితే, వాళ్ల బదులు అది పలుకుతుంది. దాన్ని తయారుచేసినతను కొన్నాళ్లు బాగానే చూసుకున్నాడు. తర్వాత అప్‌డేట్లు ఆగిపోయాయి, మెయిళ్లకి జవాబులు ఆగిపోయాయి, మనిషే మాయమైపోయాడు. కోడ్ ఎవరైనా వాడుకోవచ్చని పెట్టిందే కాబట్టి, కావాల్సినవాళ్లంతా కలిసి ఒక కాపీ తీసుకుని సొంతంగా నడపడం మొదలెట్టారు. దాన్నే వాళ్లు ఫోర్క్ అంటారు. జీతాల్లేవు, సెలవుల్లేవు. ఎవరే మార్పు చేసినా ఆఖర్న చూసి లోపలికి పంపే అధికారం మాత్రం అతనిది. అందుకే గ్రూపులో అందరికీ అతను తాళాలు.

"నేను పిచ్చుకని," అంది ఆమె. అది ఆమె గ్రూపు పేరు. "మీరసలు నిద్రపోరా?"

"అదేంటండీ?"

"యాప్‌లో ఫలానా తప్పుందని నేనెప్పుడు బగ్ రిపోర్ట్ పెట్టినా నిమిషంలోపు మీ జవాబు. తెల్లారుజామున పెట్టినా అంతే. ఒకసారి కావాలనే పరీక్ష కూడా పెట్టాను."

వెనకాల టీ తాగుతున్న బండకి పొలమారింది. బండ అంటే తాళాలుకి ఆఫీసులో పక్క సీటు వాడు, ఫోర్కులోనూ తోడు.

"ఒకసారి రాశారు చూడండి," అంటూ ఆమె తల దించుకుని గొడుగు మడతల్తో ఆడుకుంది. "'మీలాంటివాళ్లున్నారు కాబట్టే ఈ పలక ఇంకా పలుకుతోంది' అని. ఆ రోజు ఇంట్లో అస్సలు బాలేదు. అది చదివి కాసేపు ఏడ్చి, లేచి పనులు చేసుకున్నాను. ఎదురుగా చెప్పాలనే వచ్చాను. థాంక్సండీ."

ఇప్పుడు అసలు సంగతి. ఆ వాక్యం అతను రాసిందే. కానీ ఆమెకి కాదు. రిపోర్ట్ పెట్టిన ప్రతివాళ్లకీ తన పేరు మీద వెంటనే థాంక్స్ కొట్టడానికి బాట్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి తయారుచేసి, దానికి ఏడెనిమిది తీపి మాటలు నేర్పించి వదిలేశాడు. అది వంతులవారీగా తీసి అంటిస్తుంది. కొన్నాళ్లు ఎవరూ కదపకపోతే ఆ రిపోర్టుని అదే మూసేస్తుంది కూడా. పిచ్చుక రాసినవి అతను ఒక్కటి కూడా చదవలేదు.

చెప్పేయొచ్చు. రెండు ముక్కలు. కానీ తడిసిన కళ్లద్దాల వెనక నుంచి ఆమె అలా చూస్తుంటే నోరు పెగల్లేదు.

"అదేముందిలెండి," అన్నాడు.

అన్న మరుక్షణం నాలిక్కరుచుకున్నాడు. అద్దాల్లో ఉన్న తాళాలందరూ ఒకేసారి నాలిక్కరుచుకున్నారు.

ఆ సాయంత్రమే థాంక్స్ చెప్పే ఉద్యోగం బాట్ దగ్గర్నుంచి లాక్కుని తను చేరిపోయాడు. పాతవి మూసేసే పని మాత్రం దానికే వదిలేశాడు. ఇక చూడాలి అతని పాట్లు. పిచ్చుక ఏదైనా పెడితే నిమిషంలోపు జవాబివ్వాలి కదా. స్నానానికి వెళ్తే ఫోను సబ్బుపెట్టె పక్కన. మేనేజర్ ఎదురుగా కూర్చుంటే ఫోను మోకాలి మీద.

"ఒరేయ్, బాట్‌ని మనిషి అని నమ్మిందని నువ్వు బాట్‌వైపోయావ్ రా," అన్నాడు బండ. "నిజం చెప్పేయ్."

"వచ్చే ఆదివారం చెప్తా."

"పోయిన ఆదివారమూ ఇదే కూశావ్."

ఆదివారాలు వస్తున్నాయి, పోతున్నాయి. మీటింగ్ అయ్యాక ఇద్దరూ ఒకే గొడుగు కింద బస్టాపు దాకా నడవడం అలవాటైంది. తనకి ఎడంవైపు ఎవరైనా నడిస్తే ఆమెకి నచ్చదు. గుంత కనిపిస్తే చెప్పకుండా దూకేస్తుంది, పక్కవాడి ప్యాంటు ఏమైపోయినా సరే. ఆ మరకలు ఉతకబుద్ధి కాని స్థితికి వచ్చేశాడతను.

"అమ్మమ్మ సంగతి మీకు తెలిసిందే కదా," అందొకసారి. "అంతా రాశాను."

"ఆ, ఆ," అని నీళ్లు నమిలాడు.

"మరి ఆ బటన్ల గొడవ?"

"చూస్తున్నాం."

"మీరు చూస్తున్నామంటే చాలు, నాకు ధైర్యం."

ఇవాళ ఇంటికెళ్లగానే ఆమె పాత రిపోర్టులన్నీ చదివెయ్యాలనుకున్నాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నాడు కూడా. కానీ ఆ పేజీ తెరిస్తే తన పేరు కింద ఆ అరువు తీపి మాటలు వరసగా కనిపిస్తాయి. వాటిని చూడలేక కంప్యూటర్ మూసేశాడు. రేపు చూద్దాంలే అనుకున్నాడు. రేపు కొత్త వెర్షన్ విడుదల హడావిడి. ఆ మర్నాడు విడుదలే. బటన్ నొక్కాడు. గ్రూపంతా చప్పట్ల బొమ్మలు.

రెండోరోజు పిచ్చుక నుంచి మెసేజ్. "ఒకసారి మా ఇంటికి రాగలరా?"

అతను చొక్కా ఇస్త్రీ చేశాడు. తల దువ్వి, మళ్లీ చెరిపి, మళ్లీ దువ్వాడు. బండ పైనుంచి కిందిదాకా చూసి, "కొత్త అల్లుడు బయల్దేరాడు," అన్నాడు.

తలుపు తీసిన పిచ్చుక నవ్వలేదు.

కిటికీ పక్కన కుర్చీలో వాళ్ల అమ్మమ్మ. ఒళ్లో దిండు, దిండు మీద ట్యాబ్. కుడిచెయ్యి కదలదు, ఎడంచేతి వేలితో నొక్కుతోంది. తెరమీద నాలుగే బొమ్మలు. నీళ్లు, నొప్పి, అవును, కాదు.

"అవును," అంది ట్యాబ్ మిషన్ గొంతుతో. "కాదు. కాదు. కాదు."

"నిన్నట్నుంచీ ఇంతే," అంది పిచ్చుక. "అప్‌డేట్ అయ్యాక మేం చేసుకున్న బటన్లన్నీ పోయాయి. సీరియల్ పెట్టు, ఫ్యాన్ తగ్గించు, పోనీలే, నీ మొహం. అమ్మమ్మకి అన్నిటికన్నా ఇష్టం 'నీ మొహం'. రోజంతా మమ్మల్ని దాంతోనే తిట్టేది. మాట పోయినా మనిషి పోలేదులే అనిపించేది."

"అయ్యో, ముందే తెలిస్తే..."

"ముందే చెప్పాను కదండీ. మొదటి మీటింగుకి ముందే టెస్ట్ వెర్షన్ వేసి చూసి, బటన్లు పోతున్నాయని మూడుసార్లు రాశాను. మూడుసార్లూ థాంక్స్ అన్నారు."

ఫోను అతని చేతిలో పెట్టింది. అక్కడుంది, ఎలా పోతున్నాయో అడుగడుగునా ఆమె ఓపిగ్గా రాసిన రిపోర్ట్. కింద అతని పేరుతో: 'మీలాంటివాళ్లున్నారు కాబట్టే ఈ పలక ఇంకా పలుకుతోంది.' దాని కింద మళ్లీ అతని పేరుతోనే: 'కదలిక లేనందువల్ల దీన్ని మూసివేస్తున్నాం.'

అతనికి తల కొట్టేసినట్టయింది. ఇక్కడ అద్దాలు కూడా లేవు. అయినా తన మొహం తనకి కనిపిస్తూనే ఉంది.

"అవి నేను రాసినవి కాదు," అన్నాడు. "బాట్. మీరొచ్చిన మొదటిరోజే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను."

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

"అంటే అప్పటిదాకా నేను రాసినవి ఎవరూ చదవలేదా?"

"లేదు."

"ఆ రోజు నేను ఏడ్చింది..." అని ఆగిపోయింది. "సరే. అర్థమైంది."

"నొప్పి," అంది ట్యాబ్.

ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. "ఎక్కడ అమ్మమ్మా?" అంది పిచ్చుక వంగి.

పెద్దావిడ వేలు ట్యాబ్ మీంచి లేచి, మెల్లగా మనవరాలి గుండెల దగ్గర ఆగింది. తర్వాత అతనివైపు తిరిగి, కిందికి దిగి, తెర మీద మళ్లీ నొక్కింది.

"కాదు."

మెట్లు ఎలా దిగాడో అతనికే తెలీదు.

ఇంటికొచ్చి ఆమె రాసినవన్నీ తెరిచాడు. మొదట్నుంచీ చదివాడు. బగ్గుల మధ్య అమ్మమ్మ. ఆసుపత్రి నుంచి వచ్చాక తొలిసారి 'పోనీలే' నొక్కిన రోజు. కోపం వచ్చి ట్యాబ్ నేలకేసి కొట్టిన రోజు. అన్నిటికన్నా పాతది చిన్న కోరిక: 'బటన్ మీద బొమ్మ బదులు ఫొటో పెట్టుకునే వీలుంటుందా? అమ్మమ్మకి మనుషుల్ని పిలవాలనుంది.' దాన్నీ బాట్ మెచ్చుకుంది, మూసేసింది.

సిగ్గు కొందరిని మంచమెక్కిస్తుంది. ఇతన్ని కుర్చీ ఎక్కించింది. బటన్లు నిజంగా పోలేదు, ట్యాబ్‌లోనే ఉన్నాయి, కొత్త వెర్షన్‌కి వాటిని చదవడం రావట్లేదంతే. పిచ్చుక రిపోర్టులో రాసినట్టే చేసుకుంటూ పోతే తప్పు దొరికింది. దాన్ని సరిచేసి, అందరికీ పంపాడు. బాట్‌ని పూర్తిగా పీకేశాడు. ప్రాజెక్ట్ మొదటి పేజీలో రాశాడు: 'ఇన్నాళ్లూ నా పేరుతో మీకు జవాబిచ్చింది ఒక ప్రోగ్రాం. మీరు రాసినవి నేను చదవలేదు. మీ ఇళ్లలో బటన్లు పోయింది అందువల్లే. క్షమించండి. ఇకమీద జవాబులు ఆలస్యంగా వస్తాయి.'

తిట్లు బాగానే పడ్డాయి. ప్రతి తిట్టుకీ తనే జవాబు రాశాడు.

తర్వాత పిచ్చుక పాత రిపోర్టుల్ని ఒక్కొక్కటే మళ్లీ తెరిచి, చదివి, రాయడం మొదలెట్టాడు. తుడిచి రాసి, తప్పులతో, కొన్నిచోట్ల సగం వాక్యాలతో. ఆమె నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. ఆదివారాలు మీటింగుకీ రాలేదు. అద్దాలకి వీపు పెట్టి కూర్చోవాలని చూశాడు గానీ, మూడు గోడలాయె.

"ఆ అమ్మాయి చదువుతోందంటావా?" అన్నాడు బండ.

"చదవకపోతే మాత్రం? తనూ అలాగే రాసింది కదా ఇన్నాళ్లూ."

బండ తన బిస్కెట్ తీసి అతనికిచ్చాడు.

ఆఖర్న మిగిలింది ఆ ఫొటో కోరిక. దానికి ఉత్త జవాబు రాయబుద్ధి కాలేదు. కూర్చుని ఆ పనే చేశాడు. చాలా రోజులే పట్టింది. అయ్యాక కింద ఒక్క ముక్క రాశాడు: 'పెట్టుకోవచ్చు.'

ఆ వారాంతం ఫోను మోగింది.

"అమ్మమ్మ పిలుస్తోంది," అంది పిచ్చుక. గొంతులో ఏముందో తెలియలేదు. "నేను కాదు, అమ్మమ్మ."

ఈసారి చొక్కా ఇస్త్రీ చేయలేదు. దారిలో వాన. గొడుగు లేదు. తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడ్డాడు.

పెద్దావిడ అతన్ని ఎగాదిగా చూసింది. ట్యాబ్ నిండా బటన్లు. తీరిగ్గా ఒకటి వెతికి నొక్కింది.

"నీ మొహం," అంది మిషన్ గొంతు.

పిచ్చుక పెదవి బిగించినా నవ్వు ఆగలేదు. అతనికి కళ్లల్లో నీళ్లొచ్చాయి. వాన కాబట్టి సరిపోయింది.

"నాకు చాలా కోపం వచ్చింది," అంది టవల్ అందిస్తూ. "ఇంకా కొంచెం ఉంది."

"ఉండాలి."

"నా రెండో రిపోర్టుకి జవాబులో మూడు తప్పులున్నాయి. ఒక వాక్యం మధ్యలో వదిలేశారు."

"ఏం రాయాలో తెలీలేదు."

"అందుకే నమ్మాను," అంది. "అటు తిరగండి. వెలుతురు వైపు."

క్లిక్‌మంది ఫోను. ఆమె వెళ్లి అమ్మమ్మ పక్కన కూర్చుని ట్యాబ్‌లో ఏదో టైపు చేసింది. కొట్టేసి, మళ్లీ చేసింది. అమ్మమ్మ తొంగి చూసి, అవును నొక్కింది.

కొత్త బటన్ వచ్చింది. తడి జుట్టుతో, బిక్కమొహంతో అతని ఫొటో. పెద్దావిడ ఎడంచెయ్యి ఎత్తి, వణికే వేలితో సరిగ్గా ఆ ముక్కు మీద నొక్కింది.

"ఆలస్యంగా వస్తాడు," అంది మిషన్ గొంతు. "కానీ వస్తాడు."