మూడో వైరు

ఖలీద్ వచ్చి సైకిల్ షాపు షట్టర్ ఎత్తేసరికి, మెకానిక్ సైఫుల్లా నెత్తుటి మడుగులో పడి ఉన్నాడు. కడుపులో స్క్రూడ్రైవర్ పిడిదాకా దిగి ఉంది.

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఎలక్ట్రానిక్ గేర్ల సైకిళ్లకి సొంతంగా వైరింగ్ చేసేవాడు అతనొక్కడే. కంపెనీ వైరు దొరక్కపోతే సన్నటి రాగి తీగ కొలతకి కోసి, ప్లగ్గులు తనే అతికేవాడు. ఇంటెలిజెన్స్ ఏజెంట్ ఖలీద్‌కి ఇన్ఫార్మర్ కూడా.

"ఎవరు?"

"మీ షాయిస్తాగారేనండీ." అతని పెదవుల మీద నెత్తుటి బుడగలు. "సైంటిస్టుగారి సైకిలుకి చేయించారండీ. హ్యాండిల్ బటన్ నుంచి గేరుకో వైరు, బ్యాటరీకో వైరు. మూడోది... సీటు గొట్టంలోకి. ఎందుకండీ అని అడిగాను. లోపల బాంబండీ. టాప్ గేర్ నొక్కితే..."

తల వాలిపోయింది.

ఖలీద్ కళ్లు మూసి తెరిచాడు. విదేశీ ముఠాలోకి షాయిస్తాని పంపింది తనే. ముఠా ఆమెని కొనేసింది! రాడార్ సైంటిస్టు జగన్మోహనరావు ఈ ఉదయం ఆమెతోనే కొల్లేరుకి సైకిలెక్కాడు. ఊరి ట్రాఫిక్‌లో టాప్ గేర్ పడదు. గట్టు రోడ్డెక్కితే పడుతుంది.

సైంటిస్టుకి ఫోన్ చేశాడు.

"సార్ తొక్కుతున్నారండీ," షాయిస్తా గొంతు తియ్యగా పలికింది. "ఫోన్ నా దగ్గరే ఉంది. ఇంకేమైనా చెప్పాలా ఖలీద్‌గారూ?"

షాపున్న వట్లూరు నుంచి ఖలీద్ బైకు బుల్లెట్‌లా దూసుకుపోయింది.

కొల్లేరు గట్టు. ముందు సైంటిస్టు, వెనక ఎర్ర జాకెట్‌లో షాయిస్తా. ఇంజన్ చప్పుడు విని ఆమె వెనక్కి తిరిగింది. చేతిలో పిస్టల్ పేలింది. ఖలీద్ ఎడమ భుజం చీలిపోయింది. అయినా హ్యాండిల్ వదల్లేదు. పక్కకొచ్చి ఆమె డొక్కలో బూటుతో తన్నాడు. ఆమె సైకిలుతో సహా గాల్లోకి లేచి, పక్కన చేపల చెరువులో నీళ్లు చిలుకుతూ తిరుగుతున్న ఏరేటర్ రెక్కల మీద పడింది. ఒక్క కేక. నీళ్లు ఎర్రబడ్డాయి.

తుపాకీ మోతకి సైంటిస్టు హడలిపోయాడు. పారిపోవాలని పెడల్ బలంగా తొక్కుతూ వరసగా గేర్లు పెంచుతున్నాడు. టిక్. టిక్. ఇంకొక్కటే మిగిలింది. బొటనవేలు బటన్ మీదికి వెళ్లింది.

ఖలీద్ బైకుని అతని పక్కకి తెచ్చి వంగి, ఫ్రేముకి టేపుతో అతికి సీటు గొట్టంలోకి దూరిన నల్ల వైరుని గుప్పిట బిగించి లాగాడు. పుటుక్కున తెగింది. అదే క్షణాన బటన్ టక్కుమంది.

ఏమీ కాలేదు.

సైంటిస్టు బ్రేక్ వేసి, ఒక కాలు నేల మీద ఆనించి మండిపడ్డాడు. "ఏవండీ! నిన్ననే వేయించిన వైరింగండీ అది! ఇప్పుడు గేర్లెలా మార్చాలండీ?"

ఖలీద్ భుజం అదిమి పట్టుకుని రొప్పుతూ అన్నాడు:

"గేర్ల సంగతి తర్వాత చూద్దాం సార్. ముందు మీరు ఆ సీటు మీంచి దిగండి."