సహవేదన పట్టీ

గవ్వ అనే కుక్కకు ఎడమ కన్ను పోయిన రోజు కాకినాడలో కారుణ్య వారోత్సవాలు జరుగుతున్నాయి. అది 2091వ సంవత్సరం. సముద్రపు గోడ వెంట తిరిగే ట్రాముల్లో కుక్కలకు కిటికీ సీట్లు కేటాయించారు. పిల్లులకు ఆరోగ్య బీమా ఉంది. తమకంటే దయగల తరం భూమ్మీద పుట్టలేదని జనం నమ్మేవారు. రుజువు అడిగితే కణతలకు కట్టుకున్న పట్టీలు చూపించేవారు.

ఆ పట్టీని కనిపెట్టింది పశువుల కంటి వైద్యురాలు నాగమంజరి. కంట్లో ఊరే నీరు బయటికి పోయే దారి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, చూపు నాడి నలిగిపోతుంది. అదే గ్లాకోమా, మన మాటల్లో నీటికాసులు. మనిషికొస్తే ఊరంతా వినేలా మూలుగుతాడు. కుక్క మూలగదు. తిండి తగ్గించి, ఓ మూల పడుకుంటుంది. వయసైపోయిందని ఇంటివాళ్లు తేల్చేస్తారు. అందుకే నాగమంజరి కుక్క ఒక్కో కంట్లో ఆవగింజంత పీడనగ్రాహిని, అంటే ప్రెషర్ సెన్సర్‌ను, అమర్చింది. దాని సంకేతం అందుకున్న పట్టీ యజమాని కణతలో అంతే నొప్పి పుట్టిస్తుంది. బాధ తెలిస్తే మనిషి ఊరుకోడని ఆమె నమ్మకం. బాగా చదువుకున్నవాళ్లకు ఇలాంటి నమ్మకాలుంటాయి.

నాగమంజరి ఆసుపత్రిలో, బల్ల మీద గవ్వ కదలకుండా కూర్చుంది. ఎడమ కన్ను ఉబ్బి, మసకబారి ఉంది. వెలుతురు వేసినా కంటిపాప కదల్లేదు. పక్కనే దాని యజమాని, కారుణ్య సంఘం అధ్యక్షుడు పరంధామయ్య, కండువా సర్దుకుంటున్నాడు.

"ఒత్తిడి పెరిగి మూడు వారాలైందని సెన్సర్ చెబుతోంది. పట్టీ పనిచెయ్యలేదా?" అని అడిగింది నాగమంజరి.

"అయ్యో, అంత మాటనకండి! బ్రహ్మాండంగా చేసిందండి. కణత పగిలిపోయిందనుకోండి. మా ఆవిడైతే, 'మీ మూలుగు వినలేకపోతున్నా, మీకంటే కుక్కే నయం' అందండి."

"మరి దీన్ని ఎందుకు తీసుకురాలేదు?"

"తగ్గిపోయిందండి మరి. మాత్ర వేసుకున్నాం కదండీ."

"ఎవరు?"

"నేనేనండి. నొప్పి నాకు కదండీ!"

ఆ పట్టీ కోసం నాగమంజరి కుందేళ్లను, కుక్కలను, గుర్రాలను ఏళ్ల తరబడి పరీక్షించింది. మనిషిని పరీక్షించాలని తోచలేదు.

"ఈ కంటికి చూపు ఇక రాదు. కుడి కన్ను ఇంకా చూస్తోంది, కానీ దానికీ జబ్బు మొదలైంది. ఇప్పటి మందు చుక్క నేను వేశాను. సాయంత్రం మీరు వెయ్యాలి. రోజూ రెండు పూటలా. మానితే అదీ పోతుంది."

"మానేస్తానాండీ? మా బంగారుతల్లి! అన్నట్టు, నొప్పి కాస్త తక్కువ వచ్చే పట్టీ ఏమైనా ఉందాండీ? రేపు సభలో మాట్లాడాలి, కరుణ మీద."

"లేదు."

వాళ్లు వెళ్లేముందు గవ్వ సంకేతం తన తెరకు కూడా వచ్చేలా ఆమె కలుపుకుంది. సాయంత్రం దాటేసరికి తెర మీద కుడి కంటి ఒత్తిడి పెరగసాగింది. ఫోన్ చేస్తే పరంధామయ్య భార్య భ్రమరాంబ ఎత్తింది.

"ఆయనకి మళ్లీ కణత నొప్పండీ, పాపం. మాత్రేసి పడుకోబెట్టాను."

"గవ్వకి చుక్కలు వేశారా?"

"దానికేమండీ, మారాణిలా పడుకుంది! లేపడం ఎందుకని..."

"లేపండి. ఇప్పుడే వెయ్యండి."

"మందు ఎక్కడ పెట్టారో నాకు తెలీదండీ. ఆయన లేవగానే చెప్తాను."

ఫోన్ పెట్టేసిన చప్పుడైంది. తెర మీద ఒత్తిడి ఇంకా పెరుగుతోంది. గవ్వ కుడి కంట్లో సాయంత్రపు చుక్క ఇంకా ఎవరూ వెయ్యలేదు.